హీరో పేరా, హీరో కొడుకు పేరా?

కావలి నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు ఇప్పుడు ఏడో నెల. భర్త ఒక హీరోకి వీరాభిమాని, మగపిల్లాడు పుడితే ఆ హీరో పేరే పెడతానని పట్టుబట్టాడు. అత్తగారికి పెంచలకోన నరసింహస్వామి మొక్కు ఉంది, పెంచలయ్య అని రావాల్సిందే అంటున్నారు. ఈమేమో ఇంకో హీరో పిల్లల పేర్లు ఫోన్‌లో రాసిపెట్టుకుంది. సినిమావాళ్ళ వల్ల నిజంగా పేర్లు ఇంతగా మారిపోతాయా, అలా పెట్టిన పేరు పదేళ్ళకే పాతబడిపోతుందా అని ఆమె టెన్షన్.

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్ళు బడిపంతులుగా చేశాను. కనిగిరి వైపు కొన్నేళ్ళు, ఉదయగిరి వైపు కొన్నేళ్ళు, ఆఖరుకి మీ కావలి దగ్గరే హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మా ప్రాంతంలో పిల్లలకు బారసాల రెండుసార్లు జరుగుతుందని నేను సరదాగా అంటుంటాను. ఒకటి ఇంట్లో, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయడం. రెండోది జూన్ నెలలో, హెడ్మాస్టరు బల్ల ముందు. మొదటి పేరు మేనత్తలకు గుర్తుంటుంది, రెండోది సర్టిఫికెట్ల మీద జీవితాంతం ఉంటుంది. ఆ రెండో బారసాలలు కొన్ని వందలు నా చేతి మీదుగా జరిగాయి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు బూజు దులిపి చదవడం నాకు మొదటి నుంచీ ఒక పిచ్చి.

ఆ పాత రిజిస్టర్లలో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పుట్టినవాళ్ళ పేజీల్లో, సినిమా కనపడదు. కొండలు కనపడతాయి. పెంచలయ్యలు, పెంచలమ్మలు పెంచలకోన నరసింహస్వామివాళ్ళు. మాలకొండయ్యలు, మాలకొండమ్మలు శనివారం ఒక్కరోజే తలుపులు తెరిచే మాలకొండ స్వామివాళ్ళు. జొన్నవాడ నుంచి కామాక్షమ్మలు, నర్రవాడ నుంచి వెంగమ్మలు, సూళ్ళూరుపేట నుంచి చెంగమ్మలు, మార్కాపురం నుంచి చెన్నకేశవులు. కసుమూరు దర్గాలో మొక్కుకున్న హిందూ ఇళ్ళలో మస్తానయ్యలు, మస్తానమ్మలు. పేరు వింటే ఆ కుటుంబం ఏ తిరునాళ్ళకు బండి కట్టేదో తెలిసిపోయేది. ఆ కాలపు సెలబ్రిటీలు ఈ దేవుళ్ళే అనుకోండి, తప్పులేదు.

ఈ పేర్ల మధ్యలో అక్కడక్కడా ఒక సుభాష్ చంద్రబోస్, ఒక జవహర్‌లాల్. బోస్ అనేది ఇంటిపేరని మనవాళ్ళెవరూ పట్టించుకోలేదు, మొత్తం కలిపి ఒకే పేరుగా పెట్టేశారు. పార్టీ కుటుంబాలలో స్టాలిన్, లెనిన్. పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టిన అలగానిపాడు మన నెల్లూరు జిల్లాలోదే కదా, ఆ గాలి నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ గట్టిగానే వీచింది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో స్టాలిన్ అనే పిల్లాడు క్లాసులో అందరికన్నా మెత్తనివాడు, బల్లి కనపడితే బెంచీ ఎక్కేవాడు.

తర్వాత పేజీల్లో తోకలు మారడం మొదలవుతుంది. అయ్య పోయి రావు, రావు పోయి కుమార్, బాబు. అమ్మ పోయి రాణి, కుమారి, శ్రీ. ఇక్కడ సినిమా చెయ్యి స్పష్టంగా కనపడుతుంది. అయితే మనం అనుకునే పద్ధతిలో కాదు.

ఒకటి గమనించండి. మన నెల్లూరు వాళ్ళకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికన్నా ఇష్టమైన మనిషి ఉన్నారా? నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని 2020లో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. యాభై ఏళ్ళు ఆ గొంతు వినని ఇల్లు లేదు. మరి ఆయన మీద ప్రేమతో బాలసుబ్రహ్మణ్యం అని పేరు పెట్టిన పిల్లాడు నా దగ్గర ఒక్కడు కూడా చేరలేదు. ఆయన పిల్లల పేర్లు చరణ్, పల్లవి. చరణ్‌లు, పల్లవిలు మాత్రం వచ్చారు. వాళ్ళందరూ ఆయన్ని చూసే పెట్టుకున్నారని నేననను, కానీ ఆ పేర్లకు ఊళ్ళో చోటుంది, బాలసుబ్రహ్మణ్యానికి అప్పటికే లేదు. అలాగే వెంకయ్యనాయుడు గారు. చవటపాలెం నుంచి వెళ్ళి ఉపరాష్ట్రపతి అయ్యారు. జిల్లా అంతా గర్వపడింది. వెంకయ్య అని బారసాల చేసినవాళ్ళు నాకైతే తగల్లేదు.

ఎందుకంటే ఒక మనిషికి పేరు ప్రఖ్యాతులు వచ్చేసరికి ఆ పేరుకు పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో నిండి ఉంటాయి. రాజకీయ నాయకుడికైతే యాభై. ఆ పేరు పెట్టింది ఆయన తల్లిదండ్రులు, వాళ్ళ కాలపు చెవితో. మనకు ఆయన కొత్తగా కనపడతాడు గానీ ఆయన పేరు మన నాన్న తరానిది. అదే ఆయన తన పిల్లలకు పెట్టుకునే పేరైతే ఈ కాలపు చెవితో ఎంచుకున్నది. అందుకే హీరో పేరు కన్నా హీరో పిల్లల పేరు వీధిలోకి తొందరగా వస్తుంది. మీ ఫోన్‌లో ఉన్న లిస్టుకు కారణం ఇదే.

మరి చిరంజీవి, శోభన్ బాబు, సౌందర్య పేర్లు ఎలా పాకాయి అంటారా? అవి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు, అదీ కిటుకు. సౌందర్య అసలు పేరు సౌమ్య. జయసుధ సుజాత, జయప్రద లలితారాణి. మన నెల్లూరు ఆడపడుచు వాణిశ్రీ గారు ఇంట్లో రత్నకుమారి. తెర పేరు పెట్టేవాళ్ళు జనం చెవికి ఏది కొత్తగా, తియ్యగా ఉంటుందో చూసి పెడతారు. అంటే పేరు ముందే సానబట్టి వదులుతారు. అలాంటిది ఊళ్ళలోకి రావడం కష్టం కాదు.

అందులో శోభన్ బాబు గారి పేరు నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ. ఆయన అసలు పేరు ఉప్పు శోభనాచలపతిరావు. శోభనాచలం అంటే పాత కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి కొండ, ఆ కొండ మీద ఉన్నదీ నరసింహస్వామే. అంటే శోభనాచలపతి అన్నది మన పెంచలయ్య, మాలకొండయ్య లాంటి పేరే, కొండ దేవుడి పేరు. దాన్ని సగానికి కోసి బాబు తగిలించేసరికి కాలేజీ కుర్రాళ్ళు ఎగబడే పేరైంది. ఈ సంగతి మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

చిరంజీవి గారి అసలు పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్ అని అందరికీ తెలుసు. ఇంటర్ ఒంగోలు శర్మా కాలేజీలో చదివారని మా ప్రకాశం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు పెట్టుకున్న పిల్లలు నా దగ్గర చాలామందే చదివారు. వాళ్ళు పెద్దయ్యాక వచ్చిన చిక్కు ఒకటుంది: పెళ్ళి శుభలేఖలు. వరుడి పేరు ముందు చి॥ అని వేయడం మన ఆనవాయితీ కదా. నాకొచ్చిన ఒక శుభలేఖలో ప్రెస్సువాడు దాన్ని పూర్తిగా విప్పి "చిరంజీవి చిరంజీవి" అని అచ్చేశాడు. పెళ్ళికొడుకు నా పాత విద్యార్థే. "సార్, రెండు ఆయుష్షులు" అన్నాడు.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో ప్రభుత్వమే 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లెక్కలు బయటపెడుతుంది కాబట్టి అక్కడ స్పష్టంగా చూడొచ్చు. 1930లలో షిర్లీ టెంపుల్ అనే చిన్నపిల్ల సినిమాల్లో దేశమంతా ఊపేసింది. 1935, 1936లో షిర్లీ అక్కడ ఆడపిల్లల పేర్లలో రెండో స్థానంలో ఉంది. అంతా ఆ పాప మహిమే అనిపిస్తుంది. కానీ వెనక్కి వెళ్ళి చూస్తే 1928లో ఆ పాప పుట్టకముందు నుంచే షిర్లీ ఏటేటా పైకి వస్తోంది. పాప వల్ల పేరు రాలేదు, వస్తున్న పేరే పాపకూ పెట్టారు, తర్వాత పాప దాన్ని ఎత్తి మేడ మీద కూర్చోబెట్టింది. దీనికి వ్యతిరేకంగా ఇంకొకటి ఉంది. 1984లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో జలకన్య న్యూయార్క్ వీధి బోర్డు చూసి తన పేరు మాడిసన్ అని చెప్తుంది. అది జోకు. అప్పటికి అది ఆడపిల్ల పేరే కాదు. 2001కి అమెరికాలో ఆడపిల్లల పేర్లలో రెండో స్థానానికి చేరింది. అంటే సినిమా శూన్యంలోంచి పేరు పుట్టించలేదని కూడా అనలేం. కాకపోతే ఆ సినిమా చూసిన కాలేజీ పిల్లలు పెరిగి, పెళ్ళిళ్ళై, పిల్లల్ని కని పేరు పెట్టేటప్పటికి అన్నేళ్ళు పట్టింది.

ఈ ఆలస్యం మన దగ్గరా ఉంది. 1989లో గీతాంజలి సినిమా వచ్చిన వెంటనే పుట్టిన ఒకరిద్దరు గీతాంజలులు ఈడు రాగానే బడిలో చేరారు, సరే. కానీ ఆ సినిమాను పదహారేళ్ళ వయసులో చూసి కళ్ళు తుడుచుకున్న అమ్మాయిలు తల్లులైన తర్వాతే ఎక్కువమంది వచ్చారు. పేరు పెట్టేది నిన్నటి సినిమా చూసి కాదు, మనకు పదిహేడు ఇరవై ఏళ్ళున్నప్పుడు చూసిన సినిమా చూసి. మీ ఆయన అభిమానం ఏ ఏట మొదలైందో అడిగి చూడండి.

ఇంకో సంగతి, పేరు కన్నా శబ్దం ఎక్కువగా అంటుకుంటుంది. 2005లో అమెరికాను కత్రినా తుపాను ముంచాక ఆ పేరు పెట్టడం పడిపోయింది, అందులో వింత లేదు. కానీ రోజూ ఆ మాట చెవిన పడుతూ ఉండడంతో, అదే 'క' శబ్దంతో మొదలయ్యే వేరే పేర్లు పెరిగాయని అక్కడి పరిశోధకులు లెక్క తీశారు. మనకూ అంతే. సురేష్, రమేష్, మహేష్, రాజేష్ ఒక జట్టుగా వచ్చి ఒక జట్టుగా వెళ్ళారు. ఇప్పుడు అ, ఆ లతో మొదలై రెండు మూడక్షరాల్లో అయిపోయే పేర్ల జట్టు నడుస్తోంది. పవన్ కల్యాణ్ గారి పిల్లల్లో అకీరా, ఆద్య. అల్లు అర్జున్ గారి పిల్లలు అయాన్, అర్హ. జూనియర్ ఎన్టీఆర్ గారి పెద్దబ్బాయి అభయ్. ఈ పేర్లు అచ్చంగా పెట్టేవాళ్ళు కొందరే. వాటిని పోలిన ఆర్య, ఆన్య, ఆరవ్, అద్విక్ పెట్టేవాళ్ళు ఎక్కువ. అర్హ అన్నది అర్జున్‌లో ముందక్షరాలు, స్నేహలో చివరక్షరం కలిపి అల్లుకున్న పేరని ఆ తండ్రే చెప్పాడు. ఆ తర్వాత అమ్మానాన్నల పేర్లు ముక్కలు చేసి అతికించే పని మా ఊళ్ళో కూడా మొదలైంది. మా వీధిలో ఒక జంట పేర్లు అతికిస్తే పురుగుమందు పేరు లాంటిది వచ్చింది. అది ఇక్కడ రాయను, వాళ్ళు చదువుతారు.

శబ్దం మరీ కొత్తదైతే ఎంత పెద్ద స్టారైనా దాన్ని అమ్మలేడు. రామ్‌చరణ్ గారి పాపకు 2023లో క్లీంకార అని పెట్టారు. లలితా సహస్రనామంలోంచి తీసిన పేరు, అర్థం గొప్పది. వారం రోజులు అందరూ దాని గురించే మాట్లాడారు. మా చుట్టుపక్కల ఒక్కరూ పెట్టలేదు. మహేష్ బాబు గారి పాప సితార మాత్రం వేరే రకం. అది అమ్మమ్మలకు కూడా తెలిసిన మాట, మూలన పడి ఉన్నదాన్ని దుమ్ము దులిపి ఇచ్చారు. అలాంటిది ఎవరైనా తీసుకుంటారు.

మగపిల్లల పేర్ల కన్నా ఆడపిల్లల పేర్లు తొందరగా మారతాయి, రిజిస్టర్లలో ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మగపిల్లాడి మీద తాత పేరు, ఇలవేల్పు పేరు అనే బరువులుంటాయి. ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి "మీకిష్టమైంది పెట్టుకోండమ్మా" అంటారు. అది గౌరవమో అశ్రద్ధో నేను చెప్పలేను. దానివల్ల రోజాలు, రమ్యలు, సౌందర్యలు, దివ్యభారతులు వరసగా వచ్చారు. దివ్య పేరు, భారతి ఇంటిపేరు అని విడదీయకుండా బోస్ లాగే మొత్తం ఎత్తుకొచ్చారు.

ఇక పాతబడటం సంగతి. పడుతుంది, అమ్మా. సౌందర్య అనే అమ్మాయి కనపడితే ఆమె వయసు రెండు మూడేళ్ళ తేడాతో నేను చెప్పేస్తాను. కానీ పాతబడితే నష్టమేమీ లేదు. నష్టం ఎక్కడంటే, పేరు చూసి మనిషిని అంచనా వేసే మాలాంటి పంతుళ్ళ దగ్గర. జర్మనీలో 1991లో మగపిల్లల పేర్లలో మొదటి స్థానం కెవిన్‌ది, హాలీవుడ్ గాలి. తర్వాత అది చదువు లేనివాళ్ళు పెట్టుకునే పేరనే ముద్ర పడింది. 2009లో ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు టీచర్లను అడిగితే, కెవిన్ అనగానే అల్లరివాడు, చదవడు అనే అభిప్రాయం చాలామందిలో బయటపడింది. ఇది చదివి నేను తలవంచుకున్నాను. స్టాఫ్ రూములో మేమూ తక్కువ తినలేదు. హీరో పేరున్న పిల్లాడు లెక్కల్లో తప్పితే "తెర మీదే హీరో" అని నవ్వుకున్నవాళ్ళమే.

అంతకన్నా పెద్ద తప్పు ఒకటి చేశాను. కనిగిరి వైపు పనిచేసేటప్పుడు ఒక నాయనమ్మ మనవణ్ణి చేర్చడానికి తెచ్చింది. పేరు మాలకొండయ్య. నేను అప్పటికి కుర్రవాణ్ణి, ఈ కాలంలో ఇదేం పేరు, రేపు పట్నంలో నవ్వుతారని చెప్పి మనోజ్ కుమార్ అని రాసేశాను. ఆమెకు చదువు రాదు, వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. పిల్లాడు ఇంటికెళ్ళి చెప్పాడు కాబోలు, మర్నాడు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడింది. "అయ్యోరా, ఏడు శనివారాలు కొండెక్కి తెచ్చుకున్న పేరయ్యా అది. నువ్వెవరు తీసేయడానికి?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా హెడ్మాస్టరు గారు పెద్దాయన, రిజిస్టరు తెప్పించి మనోజ్ కుమార్‌ను ఎర్రసిరాతో కొట్టేసి మాల్యాద్రి అని రాశారు. మాలకొండకే సంస్కృతంలో మాల్యాద్రి. నాయనమ్మ కొండ ఆమెకు దక్కింది, పిల్లాడికి పట్నంలో నవ్వని పేరు దక్కింది. మన జిల్లాల్లో మాల్యాద్రులు ఇంతమంది ఎందుకున్నారో అప్పుడు అర్థమైంది.

మీ విషయానికి వస్తే, మీ ముగ్గురి గొడవ పైకి కనపడినంత పెద్దది కాదు. మీ అత్తగారికి కావాల్సింది పెంచలకోన స్వామి, 'అయ్య' అనే తోక కాదు. ఆయన నరసింహుడు. నరసింహ, నృసింహ లాంటివి వదిలేసినా, పెంచల అనే మాటను ముందు ఉంచి వెనక మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. ఆమెకు శోభన్ బాబు గారి పేరు కథ చెప్పండి, ఆ వయసు ఆవిడకు ఆయన పేరు మీద కోపం రాదు. మీ ఆయనతో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి. హీరో పూర్తి పేరు, బిరుదుతో సహా, వద్దు. తారకరామారావు అని పెట్టుకున్న అభిమానుల తర్వాతి తరం తారక్ అని పెట్టుకుంది. అభిమానం తగ్గలేదు, పేరు తేలికైంది. అలా ఒక ముక్క తీసుకోమనండి. బతికున్న మనిషి పేరు పెట్టేటప్పుడు, రేపు ఆయన ఏ పార్టీలో చేరతాడో, ఏ కేసులో ఇరుక్కుంటాడో మన చేతుల్లో లేదని కూడా గుర్తుచేయండి. మీ పిల్లాడికి వాటితో సంబంధం ఉండదు, కానీ క్లాసులో అడిగేది వాణ్ణే.

నక్షత్రం అక్షరం పట్టింపు ఉంటే అది పుట్టాకే తేలుతుంది. రోహిణి అయితే ఓ, వా, వీ, వూ అంటారు, అప్పుడు మీ ఫోన్‌లో ఉన్న ఆ-పేర్లన్నీ పక్కకు పోతాయి. కాబట్టి ఇప్పుడే ఒకటి ఖాయం చేసుకుని గొడవపడొద్దు.

తొందరపడకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. పుట్టుక 21 రోజుల్లో రిజిస్టరు చేయించాలి. పేరు ఖాళీగా ఉంచొచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే ఫీజు లేదు, తర్వాత ఫీజు కట్టి పదిహేనేళ్ళ వరకు చేర్పించుకోవచ్చు. కానీ అంతవరకు ఆగకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. నాలాంటివాడు కలం తీసి పేరు మార్చేసే రోజులు పోయాయి. మంచిదే. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరాలు మీ కళ్ళతో చూసుకున్న తర్వాతే సంతకం పెట్టండి. న్యూమరాలజీ అని ఇంగ్లీషులో అదనంగా ఒక 'ఎ' దూర్చితే, పదో తరగతి నామినల్ రోల్స్‌కూ (పరీక్ష రాసేవాళ్ళ జాబితాకూ) ఆధార్‌కూ పొంతన కుదరక తండ్రులు సెలవు పెట్టి తిరగడం నేను ప్రతి ఏటా చూశాను.

మా ఇంట్లో ఏం చేశామని అడుగుతారేమో. మా మనవరాలికి నా కోడలు ఒక హీరో కూతురి పేరే పెట్టింది. నన్ను అడగలేదు, అడిగితే ఇంత ఉపన్యాసం ఇస్తానని భయం. మా ఆవిడ మాత్రం ఆ పిల్లను పెంచలమ్మా అని పిలుస్తుంది. అది రెండింటికీ పలుకుతోంది.